నిలువుగీత

ఆఫీసులో పక్కసీటు అక్క తన పాప కోసం పెన్సిల్ చెక్కుతోంది. ఆ వాసనకు భూపాలపల్లిలో ఉన్నదాన్ని జనగామ పాలిటెక్నిక్ ల్యాబులోకి వెళ్లిపోయాను, మాకు ప్రోగ్రామింగ్ చెప్పిన సుగుణ మేడం దగ్గరికి. మేడందొక పద్ధతి. ప్రోగ్రాం ముందు కాగితం మీద రాయాలి. ఫ్లవర్ బ్రాకెట్ విడి వరుసలో తెరవాలి, సరిగ్గా దాని కిందే మూయాలి, రెంటినీ కలుపుతూ స్కేలు పెట్టి పెన్సిల్‌తో నిలువుగీత గీయాలి. లోపల రాయవలసింది ఆ తర్వాతే.

"మేడం బ్రాకెట్లకు పెండ్లి జేస్తదిరా, జంట విడిపోవద్దని," అని వెనక బెంచీ నవ్వేది. నా కాగితం నిండా గీతలు చూసి, "స్కేలమ్మ వచ్చిందిరో!" అనేవాళ్లు. మాది గంగారం దగ్గర లంబాడీ తండా. నా తెలుగుకు నవ్వుతారని అప్పటికే నోరు విప్పేదాన్ని కాదు. ఇక గీతలూ మానేశాను, వీలైన చోట బ్రాకెట్లూ మానేశాను.

ల్యాబు పరీక్ష వచ్చింది. ఒక్క సబ్జెక్టు పోయినా చదువు మాని మిరప ఏరడానికి రమ్మని నాయిన మా భాషలో ముందే చెప్పాడు. నాకు వచ్చిన ప్రశ్న ఇది: ముప్పై అయిదు కంటే తక్కువ మార్కులు వచ్చినవాళ్లను లెక్కపెట్టి, వాళ్ల పేరు పక్కన ఫెయిల్ అని చూపాలి. 'ఇఫ్' అనే షరతు కింద రెండు వరుసలు లోపలికి జరిపి రాశాను. కంటికి రెండూ దాని లోపలే ఉన్నాయి. బ్రాకెట్లు లేవు కనుక కంప్యూటర్ మొదటిదాన్నే లోపలిదనుకుంది. రెండోది అందరికీ వర్తించింది.

బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి వంగి చూశాడు. "ఏందమ్మా, తొంభై వచ్చినోడు గూడ ఫెయిలేనా? పది నిమిషాలే ఉన్నయి."

మేడం వైపు చూశాను. ఆమె కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఒక్కసారైనా ఇటు చూడలేదు. కోపం వచ్చింది. ఆ కోపంలోనే లేచి నిలబడ్డాను.

"సార్, ఒక తెల్లకాగితం కావాలె."

ఆ ల్యాబులో నేను పైకి మాట్లాడిన మొదటి మాట అదే. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ప్రోగ్రాం కాగితం మీదికి ఎత్తి రాసి, స్కేలు పెట్టాను. గీత మొదలుపెట్టడానికి బ్రాకెట్ లేదు. రెండు బ్రాకెట్లు పెట్టి మళ్లీ నడిపితే, ఫెయిల్ కావలసిన ముగ్గురే ఫెయిలయ్యారు.

బయటికి వచ్చాక అడిగాను. "మీరు నా దిక్కు గూడ చూడలేదు మేడం."

"చూస్తే చెప్పేస్తనని భయమైంది బిడ్డా," అంది. ఆమె పిడికిట్లో పెన్సిల్ రెండు ముక్కలై ఉంది.

ఇప్పుడు ఈ ఆఫీసులో ప్రోగ్రాములు రాసే మా టీమ్ తెరిచే బ్రాకెట్‌ను వరుస చివరే పెడుతుంది. నేనూ అలాగే పెడతాను. కానీ మూసేది పెట్టాకే లోపలికి వెళ్తాను. చివర్లో స్క్రీన్ మీద పై నుంచి కిందికి వేలితో ఒక గీత గీస్తాను.

"ఏంది చెల్లె, రోజూ స్క్రీన్ మీద ఆ మరకలు?" అంటుంది పక్కసీటు అక్క. ఎవరు నవ్వినా ఇప్పుడు తుడవను.