వైకుంఠరావు పట్టుకున్న ఫైలు

వైకుంఠరావు కంటే ముందు అతని తువ్వాలు బస్సెక్కేది. కిటికీలోంచి సీటు మీద పడిందంటే ఆ సీటు ఇక అతనిదే. కాదన్నవాళ్లతో దిగేదాకా తగువాడేవాడు. పలాస నుంచి టెక్కలి గిడ్డంగుల ఆఫీసుకు ఇలా వెళ్లొస్తూనే సగం సర్వీసు గడిపేశాడు.

ఆఫీసుకు విండోస్ కంప్యూటర్లొచ్చాయి. లెక్కలన్నీ విశాఖలోని మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద మిషనులో ఉంటాయి. ఇక్కడ జడ్ డ్రైవు నొక్కితే అక్కడి ఫైళ్లు తెరుచుకుంటాయి. ఒకరు తెరిచిన ఫైలును మిగతావాళ్లు చూడగలరు గానీ అందులో రాయలేరు. ఆ ఒక్క ముక్క వైకుంఠరావుకు భలే నచ్చింది.

ఇంతలో టెక్కలి, నరసన్నపేట ఆఫీసులు మూసేస్తున్నారని కబురొచ్చింది. పలాసలో కుర్చీ ఒక్కటే. బదిలీల ఫైల్లో ఎవరి పేరు ముందు సేవ్ అయితే వాళ్లదే, మిగతావాళ్లంతా పార్వతీపురం పోవాలి. ఇంట్లో లేకలేక పుట్టిన కూతురు అప్పుడప్పుడే బోర్లాపడుతోంది. దాన్ని వదిలిపోవాలంటే వైకుంఠరావు ప్రాణం ఉసూరుమంది.

పేర్లు రాయాల్సిన రోజు అందరికంటే ముందొచ్చి ఆ ఫైలు తెరిచాడు. పలాస ఎదురుగా తన పేరు కొట్టాడు, సేవ్ మాత్రం చేయలేదు. చేస్తే ఫైలు చేజారుతుందని, ఎవరో ఒకరు దూరి తన పేరు చెరిపేస్తారని అతని భయం. సాయంత్రం ఆఖర్న చూసుకుందాంలే అని టీ తెప్పించుకున్నాడు.

నరసన్నపేట ఆఫీసు నుంచి ఎలీసబెతు ఫోన్ చేసింది. “ఫైల్లో రాయనివ్వట్లేదండి. మీకేటైనా తెలుసా?”

“పెద్ద మిషనుకి జొరమొచ్చినట్టుందమ్మా. సాయంత్రం సూడు” అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

మధ్యాహ్నం టెక్కలిలో కరెంటు పోయింది. వెంటనే వచ్చింది కూడా. కానీ విండోస్ నీలం తెర వేసుకుని, డిస్కు తనిఖీ చేస్తూ కూర్చుంది. వైకుంఠరావు దాన్ని బుజ్జగించాడు, తిట్టాడు, సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్నాడు. అది తీరిగ్గా లేచేసరికి, అతని చేయి వదిలిపోయిన ఫైల్లో పలాస ఎదురుగా ఎలీసబెతు పేరుంది.

సిగ్గు విడిచి ఫోన్ తీశాడు. “అమ్మా, పొద్దున్నించీ ఆ కుర్చీ కోసమే కూకున్నాను. ఇంట్లో పసిపిల్లుంది.”

“ఫైలు మీ సేతిలోనే ఉందని తెర మీద పొద్దున్నించీ సూపెడతానే ఉందండి” అంది ఎలీసబెతు నెమ్మదిగా. “నా పేరు రాసి సేవ్ సేయడానికి నాకు నిమిసం పట్టింది. పొద్దున్నించీ మీరేటి సేత్తన్నారు?”

“కాపలా కాత్తన్నానమ్మా” అన్నాడు వైకుంఠరావు.