నా మొదటి పంట పురుగులు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, కర్ణాటకలోని చింతామణి దగ్గర మా ఊరి పట్టు రైతుల సంఘానికి నేను అధ్యక్షుణ్ణి. నా చేతిలో ఒక్క పంటలోనూ పట్టుపురుగులు చెడలేదని ప్రతి సమావేశంలోనూ చెప్పుకునేవాణ్ణి. అందరూ చప్పట్లు కొట్టేవారు. వెనక కూర్చున్న మా ఆవిడ మాత్రం కొంగుతో నోరు మూసుకునేది.

ఒకసారి, కొత్తగా పురుగులు పెంచుతున్న ఒకామె లేచింది. పురుగులన్నీ చచ్చాయని, మల్బరీ తోట పీకించేస్తానని చెప్పింది.

"నీ మాదిరి చెయ్యి నాకు ల్యాదప్పా," అంది నాతో.

"ఆ చెయ్యి సంగతి నన్నడుగమ్మా," అంది మా ఆవిడ వెనక నుంచి. "టమాటాకు మందు కొట్టి, పక్కనే ఉండే మల్బరీ ఆకు కోసుకొచ్చి పురుగులకేసినాడు. సచ్చినవన్నీ తట్టలతో దిబ్బకు మోసింది నేను. చెప్పండి అధ్యక్షరే!"

అందరూ గొల్లున నవ్వారు. తల వంచుకుని ఒప్పుకున్నాను. తొలి పంటంతా అలాగే పోయిందన్నాను.

ఆ కొత్తామె కళ్లు పెద్దవయ్యాయి. "మా తోట పక్కనా టమాటే ఉండాది కదప్పా! మొన్ననే మందు కొట్టినారు."

ఆ మాటతో మరో ముగ్గురు తమ పంటలెలా పోగొట్టుకున్నారో చెప్పారు. అంతవరకు వాళ్లెవరూ నోరు విప్పలేదు. ఆమె తోట పీకించలేదు.

అధ్యక్షుడిగా నేను చేసిన పని ఆ ఒక్కటేనని మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. కాదనలేను. అంతకు ముందే నా గొప్పలు విని, తప్పు తమదేననుకుని, ఇద్దరు తోటలు పీకేసుకున్నారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.