ఫొటోకు కావలసిన కోళ్లు

‘ఇక్కడి గుడ్లు స్వేచ్ఛగా తిరిగే కోళ్లవి’ అని మా ఆఫీసు క్యాంటీన్ గోడకు పోస్టర్ అంటిస్తారట. దానికి ఫొటోలు కావాలట. శనివారం ఖాళీగా ఎవరున్నారు? నేనే! క్యాంటీన్ కమిటీలో పేరిచ్చిన పాపానికి, లింగంపల్లి పక్కనే నల్లగండ్లలో ఇల్లు పెట్టుకుని, కెమెరా కోసం ఆఫీసుకెళ్లి, ఎనిమిదింటికి హైటెక్ సిటీ స్టేషన్లో నిలబడ్డాను.

ఎమ్మెమ్టీఎస్ రైలు పావుగంట ఆలస్యం. పక్క సీటు పెద్దాయన కెమెరా చూసి ఎక్కడికని అడిగితే చెప్పాను. “తినేదానికి ఫొటో ఎందుకమ్మా?” అని ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

లింగంపల్లిలో దిగి చల్లారిన ఇడ్లీ తిన్నాను. తొమ్మిదింటికి శంకర్‌పల్లి బస్సు దొరికింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ ఇచ్చారు, సీటు మాత్రం లేదు. అక్కడి నుంచి ఆటోకు ఎనభై. పదిన్నరకు యాదమ్మగారి కోళ్ల షెడ్డు చేరాను.

మా క్యాంటీన్‌కు గుడ్లు పంపేది ఈవిడే. స్వేచ్ఛగా తిరిగే కోళ్ల గుడ్లే కొంటామన్న మావాళ్ల మాట నమ్మి మూడు నెలల కిందట కోళ్లన్నిటినీ ఇనుప బోన్లలోంచి వదిలేశారు. అవి నేలంతా గీరుతూ, దుమ్ములో పొర్లుతూ హాయిగా ఉన్నాయి.

“మొదటి దినం బోను తలుపు తీసినా బయటికి రాలే బిడ్డా. రెక్క చాపనీకె వారం పట్టింది,” అన్నారామె. ఆ వెంటనే నన్ను లోపలికి తీసుకెళ్లి పేర్చిన గుడ్ల ట్రేలు చూపించారు. “నిన్న మీ ఆఫీసోళ్లు గివన్నీ వాపస్ పంపిన్రు. మరి ఫొటోలు దేనికి?”

ఒళ్లు మండిపోయింది. అక్కడి నుంచే క్యాంటీన్ మేనేజరుకు ఫోన్ చేశాను.

“గుడ్లన్నీ ఒక సైజులో లేవండి. పైగా మచ్చలు. ఆమ్లెట్లు ఎక్కువ తక్కువ వస్తున్నాయని కంప్లైంట్లండి,” అన్నాడు.

“కోడి పెట్టింది బాబూ, మిషను కాదు!”

“నిజమేనండి. ఫొటోలు మాత్రం ఇవాళే పంపండి.”

యాదమ్మగారు అంతా విన్నారు. “మీరు తీసుకోకుంటె పాత షావుకారే దిక్కు. ఆయనకు బోన్ల గుడ్లే కావాలె. సోమవారం మళ్ల లోపటేస్త,” అన్నారు. వెనకాల బోన్లు కడిగి ఎండబెట్టి ఉన్నాయి.

“గుడ్లు తీసుకోందే ఒక్క ఫొటో కూడా పంపనమ్మా. ఈరోజే తేలుస్తాను,” అని మాటిచ్చాను. ఆఫీసుకూ అదే మెయిల్ పెట్టాను. ఆమె పెట్టిన జొన్నరొట్టె తిని, రెండింటికి తిరుగు బస్సెక్కాను.

దారిలోనే జవాబొచ్చింది. ‘నో ప్రాబ్లమ్. కోళ్ల ఫొటోలు నెట్‌లో దొరికాయి. పోస్టర్ ప్రింటింగ్‌కి ఇచ్చేశాం. గుడ్లు వేరేచోట మాట్లాడాం.’

ఛీ! ఇంత చదువుకుని, ఇన్ని అద్దాల మేడల్లో కూర్చుని మేం చేసేది ఇదన్నమాట. దయ గోడ మీదుంటే మాకు చాలు. ఎవరైనా ఇటు వస్తే ఆ కోళ్లను చూసి వెళ్లమని రాద్దామనుకున్నాను. సోమవారానికి అవి బోన్లలో ఉంటాయి, అదీ రాయలేను.

సిగ్గు చంపుకుని యాదమ్మగారికి ఫోన్ చేసి చెప్పాను.

“ఫికర్ చెయ్యకు బిడ్డా, నువ్వేం జేస్తవ్,” అన్నారు. “సోమవారం పొద్దుగాల కాకుండ, పొద్దుగూకినంక బోన్లల్ల ఏస్త తియ్. ఇంకో పూట తిరగనీ వాటిని.”