ఆంజనమ్మ తుంగ చాప

ఎడారి దేశంలో, అబూ హమూర్‌లోని ఒక ఇంటి వెనక, ఏసీ నీళ్ళు చల్లగా కారే చోట, ఉప్పు తేలిన నేలలో తుంగ మొలిచింది. ఇంటిపని చేసే ఆంజనమ్మ దాన్నెవరినీ పీకనివ్వదు. పొడవవగానే కోసి, చీల్చి, ఎండబెట్టి, అట్టపెట్టెకు దారాలు కట్టి, మధ్యాహ్నాలు అరచేయంత చాప నేస్తుంది. ఊళ్ళో పెనిమిటితో కలిసి నేసేది. ఆమె పోచ దూరిస్తే, ఎదురుగా కూర్చుని అతను బరువైన చెక్కతో కొట్టి బిగించేవాడు. అతను పోయాకే ఆమె విమానమెక్కింది.

మొన్న ఆ ఇంటి డ్రైవర్ షఫీ చూస్తూ నిలబడ్డాడు.

"పోచ దూర్చినప్పుడల్లా చెయ్యి యెనక్కి తీస్తాండావ్, ఎందుకక్కా?"

"చెక్క పడిద్ది గదయ్యా. వేళ్ళు నలిగిపోతాయి."

ఆమె మరో పోచ దూర్చి, చెయ్యి వెనక్కి తీసుకుని, కాసేపు ఆగింది. తర్వాత అట్లకాడ అందుకుని, ఆ పోచను తనే కొట్టి బిగించింది.