డాక్టరమ్మకు వేసిన పక్క

డాక్టరమ్మ పోయారన్న కబురు బోయిగూడలో మా ఇంటికి వ్యాన్ డ్రైవరు తెచ్చాడు. సైకిలు గోడకు ఆనించి, వానకు తడిసిన తల తుడుచుకుని, "అన్నా, డాక్టరమ్మ లేదిగ. పొద్దుగాల్నే పోయింది" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీద అంటే చెప్పలేను. ఇంట్లోవాళ్లు మంచినీళ్లు తెస్తే గ్లాసు విసురుగా కింద పెట్టానట, తర్వాత చెప్పారు.

ఆమె చేసిన కాన్పుల గురించి, పోసిన ప్రాణాల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు చెబుతారు. నేను ఆమె పక్క గురించి చెబుతాను. ఆ పని నాది, నాకు చేతకానిదీ అదే.

నేను ఆసుపత్రిలో కంపౌండర్ని. ఆమె గుంటూరు వైపు నుంచి చదువైన కొత్తలో సికింద్రాబాదు వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. రజాకార్ల గొడవల్లో మా మందుల వ్యాన్ చాలాకాలం షెడ్డు దాటలేదు. పోలీస్ యాక్షన్ అయ్యి రోడ్లు తెరుచుకున్నాయి. ఆ చలికాలమే ఆమె బయలుదేరారు. ఎప్పటినుంచో మందుచుక్క లేని ఊళ్లు, ఇంకా ఆగడమేమిటి అన్నారు. వ్యాన్ అంటే యుద్ధంలో వాడి వదిలేసిన మిలిటరీ బండి. ఆమె, నేను, మెట్టుగూడ డ్రైవరు, ముగ్గురమే. పోతే పదేసి రోజులు ఊళ్ల మీదే. పొద్దుగూకితే ఆమె వ్యాన్ లోపల పడుకునేవారు, మేమిద్దరం బయట టార్పాలిన్ కింద. మందుల పెట్టెలు, డాక్టరమ్మ పక్క, ఈ రెండూ నేను చూసుకోవాలి.

ఆమెకు అప్పటికే నడుము నొప్పి. నడుము ఇలాగే ఉంటే ఈ చలికాలంతో క్యాంపులు బందు అని ఆసుపత్రి పెద్దాయన మేం బయలుదేరే ముందే తేల్చేశారు. ఆ రోడ్డు మీదికి వచ్చే డాక్టరు ఇంకెవరూ లేరు. అంటే ఈమె హాయిగా నిద్రపోతేనే ఆ ఊళ్లకు వైద్యం. ఇంత పెద్ద సంగతి తెచ్చి నా నెత్తిన, ఒక పరుపు మీద పెట్టారు.

మొదట పాత బజారులో దూదేకులాయన దగ్గర నిలబడి పరుపు కుట్టించాను. "ఇంకా కూరు, ఇంకా కూరు" అని పోరి మరీ మందంగా చేయించాను. దానికి ఆయన, "ఇది పెండ్లి పరుపులెక్కుంది సాబ్, బండిల ఎట్ల పడ్తది?" అన్నాడు. పట్టించుకోలేదు. రోజూ చుట్టి, పట్టీలు బిగించి, పైన మందుల పెట్టె పెట్టడంతో వారం తిరిగేసరికి అది జొన్నరొట్టెలా అణిగిపోయింది. తర్వాత బూరుగు దూది తెప్పించాను. అది ఒక మూలకు పోయి గడ్డకట్టేది. సర్దలేక నా చేతులు పడిపోయేవి.

పొద్దున్నే ఆమె వ్యాన్ తలుపు పట్టుకుని దిగేవారు. దిగాక కాసేపు వంగే ఉండేవారు. లేచి నిలబడడానికి పట్టే ఆ కాసేపు ఏదో చీర కుచ్చిళ్లు సవరించుకుంటున్నట్టు నటించేవారు. నేను చూసేవాణ్ణి. చూస్తున్నానని ఆమెకూ తెలుసు.

"నిద్ర పట్టిందా డాక్టరమ్మా?"

"ఎందుకు పట్టదు? బాగానే ఉందిలే, కంపౌండరూ."

ఈ 'బాగానే ఉందిలే' విని విని నాకు విసుగెత్తిపోయింది. రోగుల దగ్గరైతే నాకే పాఠం చెప్పేవారు. "చెప్పిన నొప్పికి మందివ్వడం ఎవరైనా చేస్తారు. చెప్పని నొప్పి అడిగి తెలుసుకోవాలి" అనేవారు. తన దగ్గరికి వచ్చేసరికి అడిగినా చెప్పరు. ఇట్లాంటి రోగితో ఎవరు వేగుతారు?

డ్రైవరుకు ఎవరో చెప్పారు, మిలిటరీవాళ్లు అమ్మేసిన సామాన్లలో గాలి పరుపులు ఉన్నాయని. రబ్బరువి. ఒకటి తెచ్చి, సైకిలు పంపుతో కొట్టి కొట్టి ఉబ్బించాడు. చేత్తో ఒత్తితే మెత్తగా లోపలికి పోయి మళ్లీ పైకి వచ్చేది. "దొరలు పండుకునేది అన్నా ఇది. ఇగ జూడు" అన్నాడు. నేనూ మురిసిపోయాను. మర్నాడు పొద్దున డాక్టరమ్మ పళ్లు టకటకలాడుతున్నాయి. చెరువులో తెప్ప మీద పడుకున్నట్టుందన్నారు. అప్పుడు కూడా నొప్పని గానీ చలని గానీ అనలేదు.

నేను ఊరుకుంటానా? పైన రగ్గు మీద రగ్గు కప్పాను. నాలుగు రగ్గులు. ఆ బరువుకు ఆమె పక్కకు తిరగలేకపోయారు, నడుము ఇంకా పట్టేసింది. ఆ రోజు మొదటిసారి విసుక్కున్నారు.

"నన్ను పాతిపెడతావా ఏం?"

"మరి ఏం చేయమంటరు? మీరు చెప్పరు, నాకు సమజ్ కాదు. నేనెన్నని తేవాలె?" అని నేనూ గొంతు లేపాను. డ్రైవరు బానెట్ ఎత్తి అందులో తల పెట్టేశాడు.

ఆ గొడవ నడుస్తుండగానే బిడ్డను చంకనేసుకుని ఒక కురుమామె వచ్చింది. గొర్లు కాసుకునేవాళ్ల మనిషి. డాక్టరమ్మ వణుకుతూనే పిల్లకు జ్వరం చూశారు. ఆ కురుమామె చూసి చూసి, అడక్కుండానే పరుపు కింద చెయ్యి దూర్చి, బండి ఇనప నేలను తాకి, చటుక్కున చెయ్యి తీసేసుకుంది.

"చలి కింద నుంచి గుంజుతున్నదమ్మా. మీద ఎన్ని కప్పితే ఏం ఫాయిద? గొంగడి లేదా మీకు? పరుపు కింద గొంగడెయ్యాలె."

టార్పాలిన్ కింద నా పక్క ఇంకా ఎత్తలేదు. నల్ల గొంగడి, బారుగా పరిచి ఉంది. మా అమ్మ ఇచ్చింది. ఆ చలికాలమంతా నేను దాని మీద పడుకుని, తెల్లారే దాకా ఒక్కసారి కూడా లేవకుండా నిద్రపోయాను. డ్రైవరు దాని వంక చూశాడు, డాక్టరమ్మా చూశారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మొదటిరోజు నుంచీ దాన్ని చూస్తూనే ఉన్నాను" అన్నారు డాక్టరమ్మ మెల్లగా.

"అడగొచ్చు గద."

"నీ పక్క నేనెలా అడుగుతానయ్యా? నువ్వే ఇస్తావేమోనని చూశాను."

"మీకు గొంగడి పరుస్తనా డాక్టరమ్మా? మంది ఏమనుకుంటరు?"

నిజం అదే. గొర్రె వాసన వేస్తుంది, ఒంటికి గుచ్చుకుంటుంది, గొర్లకాపరులు భుజాన వేసుకునేది. డాక్టరమ్మలాంటి మనిషికి అది వేయడం మర్యాద కాదనుకున్నాను. మర్యాద కోసం ఆమెను ఇనుము మీద పడుకోబెట్టాను. ఆమెదీ అదే మర్యాద. ఒకరి పక్క అడిగితే బాగుండదని నడుము వంగిపోయేదాకా ఓర్చుకున్నారు. ఇద్దరికీ చదువుంది, బుద్ధి మాత్రం ఆ కురుమామె దగ్గరుంది.

ఆనాటి నుంచి కింద గొంగడి, దాని మీద పలచటి పరుపు, పైన ఒక్కటే రగ్గు. నేను దారిలో ఇంకొక గొంగడి నేయించుకున్నాను, మా అమ్మది ఆమెకే ఉంచేశాను. గొంగడి వేసిన మర్నాడే డాక్టరమ్మ తలుపు పట్టుకోకుండా దిగారు. దిగి, "రాత్రంతా గొర్రెల మందలో పడుకున్నట్టుంది" అని ముక్కు రుద్దుకున్నారు. వాసన గురించి ఆ తర్వాత ప్రతి క్యాంపులోనూ సాధించారు, దాన్ని మాత్రం వదల్లేదు. పెద్దాయన క్యాంపుల మాట మళ్లీ ఎత్తలేదు. ఆమెకు వయసు మీదపడి, పదవి నుంచి దిగేదాకా ఏటా ఆ రోడ్డు మీదికి పోయాం. ఆఖరి క్యాంపు అయ్యాక గొంగడి మడిచి నా చేతికిచ్చి, "మీ అమ్మగారిది, దాచుకో" అన్నారు.

ఈ వానాకాలం ఆమెకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. మా ఆసుపత్రిలోనే వార్డులో పెట్టారు. చూడడానికి పోతే మొహం చిన్నదైపోయి ఉంది. అలవాటు కొద్దీ అడిగాను, "నిద్ర పడుతుందా డాక్టరమ్మా?"

'బాగానే ఉందిలే' అంటారని ఎదురుచూస్తున్నాను. అనలేదు.

"కింద చలిగా ఉంది, కంపౌండరూ. అది తెస్తావా?"

అన్నేళ్లలో నన్ను ఆమె నోరు తెరిచి అడిగింది ఆ ఒక్కటే. నేను వెంటనే ఇంటికి పోయి గొంగడి తెచ్చాను. వార్డు గుమ్మంలో సిస్టర్ ఆపింది. ఉతకని ఉన్ని వార్డులోకి రాకూడదంది, ఉతికి ఆరేసి తెమ్మంది. ఆమె తప్పేమీ లేదు, రూలు అదే. ఆ రూలు ఎన్నిసార్లు నేనే ఇతరులకు చెప్పాను! కానీ ఆ రోజు పోట్లాడాల్సింది. గుమ్మానికి అడ్డం పడాల్సింది. నేనేం చేశాను? తలూపి, ఇంటికి పోయి, మర్యాదగా ఉతికాను.

గొంగడి నీళ్లు తాగితే ఇద్దరు పట్టినా లేవదు. దండెం మీద వేస్తే దండెం వంగిపోయింది. మూడు రోజులు ముసురు. వంటింట్లో పొయ్యి పక్కన పెట్టాను, పిండాను, తిప్పాను, విసనకర్రతో విసిరాను. చెయ్యి పెడితే ఇంకా చెమ్మే. రేపు, రేపు అనుకున్నాను. మూడోరోజు పొద్దున డ్రైవరు వచ్చాడు.

మర్నాడు సమాధుల తోటలో డాక్టరమ్మ చర్చివాళ్లు పాట పాడుతున్నారు. వాళ్ల పద్ధతులు నాకు తెలియవు. నేను గుంట దగ్గరికి పోయి లోపలికి చూశాను. అడుగున బురద, కాస్త నీళ్లు. తవ్విన మనిషిని అడిగాను, "కింద ఏమేస్తరు?"

"ఏముంటది, మన్నే."

నా చంకలో గొంగడి ఉంది. పాస్టరుగారి వంక చూశాను. ఆయన నన్నూ దాన్నీ చూసి, పుస్తకం మూసి, కొంచెం పక్కకు జరిగారు. డ్రైవరు ఒక కొస, నేనొక కొస పట్టుకుని కిందికి వదిలాం. తడి బరువుకు అది సరిగ్గా పరుచుకోలేదు. తలవైపు ఒక ముడత పడింది. దిగి సరిచేద్దామని చెప్పులు విడిచాను. అప్పటికే పెట్టె ఎత్తేశారు, నలుగురూ బరువు మీదున్నారు, జరగండి జరగండి అంటున్నారు. నేను జరిగాను. ఆ ముడత మీదే దించారు.