చెరువు కాడ నాటు

చెరువు గట్టు మీద లింగమూర్తి నడిపించే ఆదివారం నడకకు దివ్య మొదటిసారి వెళ్లింది పిట్టల కోసం కాదు, దోమల కోసం. కిందటి వానాకాలం కూతురు చిన్నుకు డెంగీ వచ్చి తగ్గిన దగ్గర్నుంచి, నిలిచిన నీళ్లు ఎక్కడ కనబడినా ఆమె గుండెల్లో రాయి పడేది. వాళ్ల మణికొండ అపార్ట్‌మెంట్ వెనకే చెరువు, ఒడ్డున నడుమెత్తు తుంగగడ్డి. ఆ తుంగంతా పీకించి, ఒడ్డుకు కాంక్రీటు గోడ కట్టించి, దీపాలు పెట్టిద్దామని అసోసియేషన్ వాళ్ల ఆలోచన. వానలు తగ్గాక జరిగే మీటింగులో తేల్చేస్తారు. గోడకు చెయ్యెత్తే ముందు ఒకసారి కళ్లారా చూద్దామని, చిన్నుకు నిండు చేతుల చొక్కా తొడిగి, కాళ్లకు దోమల మందు పూసి, సంచిలో తెల్ల మగ్గు ఒకటి వేసుకుని బయల్దేరింది.

లింగమూర్తి యాభై దాటిన మనిషి. ఈ చెరువు కిందే వాళ్లకు పొలం ఉండేది. ఇప్పుడు ఆ పొలంలో ఆయన హాస్టల్ ఉంది. మాదాపూర్ ఆఫీసులకు పోయే కుర్రాళ్లు అందులో ఉంటారు. ఇంట్లో దేనికీ లోటు లేదు. అయినా ఆదివారం తెల్లారిందంటే తలకు తువ్వాలు చుట్టుకుని గట్టు మీద ఉండేవాడు. మొదట్లో ఒక్కడే చెత్త ఏరేవాడు. తర్వాత హాస్టల్ కుర్రాళ్లను దింపాడు. "చెరువు కాడికి రానోనికి ఇయ్యాల పూరీ లేదు" అని వాళ్లకు చెప్పేవాడు. ఆ పూరీలు చేసే ఆయన భార్య చంద్రమ్మ మాత్రం రానివాళ్లకు కూడా పెట్టేసేది. చెత్త తగ్గి పిట్టలు రావడం మొదలయ్యాక, వాటిని చూపిస్తానని చుట్టుపక్కల వాళ్లను పిలవసాగాడు.

పిట్టల్లో ఆయనకు పేరు తెలిసినవి తక్కువ. తెలియనివాటికి తనే పెట్టేవాడు.

"గదిగో, తెల్లంగి తొడుక్కొని కదలకుండ నిలవడ్డడు చూడు బిడ్డా. ఇంటర్వ్యూకొచ్చిన పిలగాడు."

చిన్ను కొంగను తేరిపార చూసింది. "ఉద్యోగం వచ్చిందా తాతా?"

"చాప దొరికితే వచ్చినట్టే."

మనిషి అలికిడికి కేకలు పెట్టే తీతువును ఆయన వాచ్‌మన్ అన్నాడు. దివ్య ఇక ఊరుకోలేకపోయింది. "పాపకు తప్పు పేర్లు అలవాటవుతాయండీ."

"మీరు అసలు పేరు చెప్పుండ్రి మేడం, నేను ముద్దు పేరు చెప్త. పేరు తెలిసినదాని ముందల ఎవ్వరు ముక్కు మూసుకోరు."

దివ్య ముక్కుకు అడ్డం పెట్టుకున్న చున్నీని మెల్లగా దించింది.

తుంగ మొదళ్ల దగ్గర మగ్గు ముంచి వెలుతురుకు పట్టింది. చిట్టి చేపలు, తూనీగ పిల్లలు. దోమ పిల్లలు వాటికి తిండి. అందుకే ఎంత వెతికినా ఒకటీ అరా తప్ప కనబడలేదు. కాస్త అవతల, ఎవరో ఇళ్లు కూల్చిన రాళ్లు పోసి తుంగను చంపేసిన చోట ఒక గుంట ఉంది. అక్కడ ముంచితే మగ్గు నిండా దోమ పిల్లలే గిలగిలలాడాయి. ఇక డెంగీ దోమ పెరిగేది ఇళ్లలో నిలిచిన మంచినీళ్లలో. మైక్రోబయాలజీ చదివిన ఆమెకు ఇది తెలియక కాదు. భయంలో చదువు గుర్తుకు రాలేదు, అంతే.

అంతా విని లింగమూర్తి అన్నాడు: "గీ ముచ్చట మీటింగ్ల చెప్పుండ్రి. నన్నైతే రానియ్యరు, మీ దాంట్ల నాకు ఫ్లాటు లేదు."

కుర్రాళ్లు ఆ రాళ్లన్నీ ఎత్తిపోశారు. అక్కడ మళ్లీ తుంగ మొలిచేలోపే పెద్ద వాన పడి, సరిగ్గా ఆ బోసి ఒడ్డే జారింది. అసోసియేషన్ కార్యదర్శి బుల్లిబాబు గొడుగు వేసుకుని వచ్చి చూశాడు. ఆయనది గోదావరి వైపు.

"మీ గడ్డి మట్టిని ఆపుతుందన్నారు కదండీ లింగమూర్తి గారూ. రేపు పసిపిల్లలెవరైనా జారితే? గోడే నయమండి."

"గడ్డి ఉన్న కాడ జారలే సార్. లేని కాడ జారింది."

"అయితే ఉండేలా చెయ్యండి. మీటింగు లోపల ఒడ్డు నిలబడితే చూద్దాం."

అవతలి ఒడ్డు తుంగను పిలకలుగా విడదీసి ఇక్కడ నాటాలి. హాస్టల్ కుర్రాళ్ల వల్ల అయ్యే పని కాదు. లింగమూర్తి చెప్పిన మాటలను దివ్య ఉన్నదున్నట్టుగా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టింది: "ఆదివారం పొద్దుగాల చెరువు కాడ నాటు. అందరు రండ్రి. పిల్లలను గూడ తోల్కరండ్రి."

ఆ ఆదివారం ఎన్నడూ రాని జనం వచ్చారు. ఇస్త్రీ చొక్కాలు, పట్టుచీరలు. బుల్లిబాబు భార్యతో, అత్తగారితో, ఖాళీ క్యారేజీతో దిగి, పొయ్యి ఎక్కడుందా అని అటూ ఇటూ చూశాడు.

"కోళ్లేవండీ?"

"ఏం కోళ్లు సార్?"

"నాటు అన్నారు కదండీ. మా అత్తగారు టిఫిను కూడా మానేసి వచ్చారు."

లింగమూర్తికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "నాటంటే కోడి కాదు సార్. నాటు. నారు నాటేటిది."

చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు.

"ఊడుపులా?" అన్నాడు బుల్లిబాబు. "ఆ మాటేదో ముందే అనొచ్చు కదండీ."

"మాకు ఊడ్చుడంటే చీపురే సార్."

దివ్యకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కర్నూలు పిల్ల, వాళ్ల ఊళ్లోనూ నాట్లే అంటారు, ఆ మాటను ఇంకోలా చదువుకుంటారని తోచనే లేదు. కొందరు గొణుక్కుంటూ వెనుదిరిగారు. ఇంతలో చంద్రమ్మ హాస్టల్ నుంచి పూరీలు తెప్పించి, "తిన్నోళ్లంత దిగాలె" అంది. చాలామంది తిన్నారు. మొహమాటానికి కొందరు దిగారు.

కుర్రాళ్లు పిలకలు పట్టుకుని జోరుగా ముందుకు నాటుకుంటూ పోయారు. నాటినవన్నీ వాళ్ల కాళ్లకిందే పడి లేచిపోతున్నాయి. ఒడ్డున బుల్లిబాబు చూసి చూసి, ఉండబట్టలేక ప్యాంటు పైకి మడిచాడు.

"వెనక్కి నడవండర్రా. నాటినదాన్ని తొక్కుకుంటూ పోతే ఏం మిగుల్తుంది?"

బురదలోకి దిగి నడుం వంచి, పిలక వెంట పిలక గుచ్చుతూ వెనక్కి జరుగుతుంటే, చిన్నప్పుడు పొలంలో తిన్న తిట్లన్నీ ఆయన నోటి వెంట వరసగా వచ్చేశాయి. కుర్రాళ్లు నవ్వుతూ వరస కట్టారు. అదే మాట చెప్పబోయి లింగమూర్తి నోరు మూసుకోవడం దివ్య చూసింది.

"మీకు తెలుసు కదా అన్నా. ముందే చెప్పలేదేం?" అని తర్వాత అడిగింది.

"నేను చెప్తే నా నాటయితది మేడం. ఆయన చెప్తే ఆయనదయితది."

మళ్లీ వానలు పడ్డాయి. కొన్ని పిలకలు కొట్టుకుపోతే మళ్లీ నాటారు. ఆఫీసుకు పోయేముందు బుల్లిబాబు ఎవరూ పిలవకుండానే వచ్చి, వంగిపోయినవాటిని నిలబెట్టి వెళ్లేవాడు.

మీటింగులో దివ్య లేచి మగ్గులో చూసిందంతా చెప్పింది. "మీ పాపకే కదండీ డెంగీ వచ్చింది. మీరే ఇలా అంటే ఎలా?" అన్నారెవరో.

"వచ్చింది కాబట్టే వెతికానండీ."

కాసేపు గుసగుసలు. అప్పుడు బుల్లిబాబు లేచాడు. "వెనక వైపు గోడ వద్దండి. ఒడ్డు గట్టిపడింది, ఎక్కి తొక్కి చూశాను. దీపాలు రోడ్డు వైపు పెట్టుకుందాం." చేతులు లేచాయి; అన్నీ కాదు, సరిపోయినన్ని.

లింగమూర్తి అపార్ట్‌మెంట్ గేటు బయట వాచ్‌మన్ పక్కన కూర్చుని ఉన్నాడు. దివ్య వెళ్లి చెప్పింది. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, కళ్ల దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగాడు.

"మంచిగయింది. ఎగువకెళ్లి మోరీల గలీజు నీళ్లు ఈడికొస్తయి మేడం. ఇగ దాని సంగతి జర చూడాలె."

"ఎప్పుడు?"

"మీకు పరేషాన్ లేకుంటే, రేపు పొద్దుగాల."

రేపు సోమవారం. చిన్నుకు బడి, తనకు ఆఫీసు. అయినా దివ్య సరేనంది.