నేను కట్టిన రుమాలు

నిజాం కాలంలో మేము దబీర్‌పురాలో ఉన్నప్పటి మాట. ఆరేళ్ల మా బిడ్డ యాదమ్మ నోరు తెరిచి నిద్రపోయేది. చుట్టుపక్కల వాళ్లు నవ్వుతున్నారని, నిద్రపట్టగానే గడ్డం కింది నుంచి తలమీదికి రుమాలు కట్టేదాన్ని. అది పీకేసేది, నేను మళ్లీ కట్టేదాన్ని.

ఒకరోజు పన్నునొప్పి అంటే పండ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన దాని గడ్డం కింద కందిన గీత చూశాడు.

"గిదేందమ్మా?"

"నోరు మూసుకుంటదని రుమాలు కడుతున్న, డాక్టర్ సాబ్."

ఆయన పిల్ల పెదవులు వేళ్లతో మూసి, ముక్కు కింద చిన్న అద్దం పెట్టాడు. అద్దానికి ఆవిరి పట్టలేదు. పిల్ల ముఖం ఎర్రబడి ఆయన చేయి రక్కింది. వెంటనే వదిలేశాడు.

"చూసినవా? ముక్కుల గాలే ఆడ్తలేదు. నోరు గూడ కడితె పిల్ల ఎట్ల బత్కుతది?"

 ఆయన చిట్టీ రాసి పెద్ద దవాఖానకు పంపాడు. అక్కడ ముక్కు వెనక పెరిగిన కండ తీసేశారు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం పిల్ల నోరు మూసుకుని, చప్పుడు లేకుండా పడుకుంది. భయపడి తట్టి లేపాను.

"ఏందమ్మా, పండనియ్యవా?" అని విసుక్కుంది.

ఇప్పుడు తనకూ పిల్లలున్నారు. మంచి అనుకుని నేను చేసిన పని మాత్రం నన్ను వదల్లేదు. తను వచ్చి మా ఇంట్లో పడుకుంటే, ఇప్పటికీ రెండుసార్లు వెళ్లి చూస్తాను.